దొంగ చేతికందని దృశ్యం: ఇంటి కెమెరా ఫుటేజీకి ఇంటి బయట మరొక ప్రతి

ఇళ్లకు సీసీ కెమెరాలు అమర్చుకొనే అలవాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో నగరాలను దాటి చిన్న పట్టణాలకు సైతం విస్తరించినది. సంక్రాంతికి, వేసవి సెలవులకు తాళం వేసి సొంత ఊళ్లకు వెళ్లే కుటుంబాలు, పిల్లలు దూరప్రాంతాలలో ఉద్యోగాలు చేస్తుండగా ఒంటరిగా నివసిస్తున్న వృద్ధులు వీటిపై ఆధారపడుతున్నారు. అయితే కెమెరా తీసిన దృశ్యం ఎక్కడ నిల్వ అవుతున్నదనే విషయం చాలామంది ఆలోచించరు. సాధారణంగా అది టీవీ పక్కనో, బీరువాపైనో ఉండే రికార్డరు పెట్టెలో మాత్రమే ఉంటుంది. దొంగ నగలతో పాటు ఆ పెట్టెను కూడా ఎత్తుకొనిపోయినట్లయితే దర్యాప్తు అధికారికి మిగిలేవి గోడకున్న కెమెరాలు మాత్రమే. చోరీ వార్తలలో డీవీఆర్ కూడా మాయమైనదన్న మాట తరచు కనిపించడానికి కారణం ఇదే.

ఈ నేపథ్యంలో, ఫుటేజీకి ఇంటి వెలుపల మరొక ప్రతిని ఉంచే మార్గాలను, వాటి పరిమితులను, న్యాయస్థానంలో అటువంటి ప్రతికి గల విలువను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

మొబైలులో కనిపించినంత మాత్రాన భద్రపడినట్లు కాదు

ఇళ్లలో వాడే ఏర్పాట్లు ప్రధానంగా మూడు రకాలు. కేబుల్ ద్వారా కెమెరాలను కలిపే డీవీఆర్, నెట్‌వర్క్ ద్వారా కలిపే ఎన్‌వీఆర్, మెమొరీ కార్డుతో పనిచేసే వైఫై కెమెరా. మొదటి రెండింటిలో దృశ్యం హార్డ్ డిస్కులోను, మూడవదానిలో కెమెరాలోని కార్డులోను ఉంటుంది. యజమాని తన మొబైలులో ఇంటిని చూడగలుగుతున్నందున దృశ్యాలు మరెక్కడో భద్రంగా ఉన్నాయని భావించడం సాధారణమైన పొరపాటు. క్లౌడ్ సేవకు విడిగా చందా కట్టని పక్షంలో, మొబైల్ యాప్ ఇంట్లోని పెట్టెలో ఉన్న దృశ్యాన్నే తెచ్చి చూపుతుంది. పెట్టె పోయిన మరుక్షణం పాత దృశ్యాలు కూడా పోతాయి.

మరొక విషయం గమనించవలసియున్నది. డిస్కు నిండిన వెంటనే రికార్డరు పాత దృశ్యాలను చెరిపి వాటి స్థానంలో కొత్తవి నింపుతుంది. పది రోజుల తరువాత ఊరి నుండి తిరిగివచ్చి చోరీని గుర్తించిన కుటుంబానికి, రికార్డరు భద్రంగా ఉన్నప్పటికీ, ఆ రాత్రి దృశ్యం దొరకకపోవచ్చును.

బయటకు పంపే మార్గాలు

మొదటిది, కెమెరా తయారీ సంస్థల క్లౌడ్ సేవ. అమర్చడం సులభం, నెలవారీ లేదా వార్షిక చందా ఉంటుంది. ఎన్ని రోజుల దృశ్యాలు నిల్వ ఉంటాయి, చందా ముగిస్తే అవి ఏమవుతాయి అనే నిబంధనలను ముందుగానే చదువుకోవలెను.

రెండవది, కదలిక గుర్తించిన వెంటనే ఫోటోను లేదా చిన్న వీడియోను మరొక కంప్యూటరుకు, ఈ-మెయిలుకు పంపే సదుపాయం. అనేక రికార్డర్లలో, కెమెరాలలో ఎఫ్‌టీపీ పేరుతో ఈ అవకాశం ఇప్పటికే ఉంటుంది. దానిని ఆన్ చేయకపోవడమే లోపం.

మూడవది, బంధువుల ఇంట్లోనో, పిల్లల ఇంట్లోనో చిన్న నిల్వ పరికరాన్ని ఉంచి, సురక్షితమైన వీపీఎన్ మార్గంలో దృశ్యాలను అక్కడికి పంపడం. నెలసరి చందా లేకున్నా, అమర్చడానికి, నిర్వహించడానికి సాంకేతిక పరిజ్ఞానం అవసరం.

రికార్డరును అటకపైనో, తాళం వేసిన గూటిలోనో దాచడం మంచిదే. అయితే అది దొంగను ఆలస్యం చేయగలదే తప్ప బయటి ప్రతికి ప్రత్యామ్నాయం కాదు.

తాళం వేసిన ఇళ్ల పర్యవేక్షణకు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ ప్రవేశపెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ విధానంలోని సూత్రం కూడా ఇదే. ఇంట్లో అమర్చిన కెమెరా దృశ్యం ఇంట్లోనే ఆగక పోలీసు కంట్రోల్ రూముకు చేరడం దాని బలం.

ఎంత నిల్వ, ఎంత వేగం

ఒక పూర్తి హెచ్‌డీ కెమెరా హెచ్.264 విధానంలో సెకనుకు సుమారు 4 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తుందనుకొంటే రోజుకు 43 గిగాబైట్లు అవసరం. నాలుగు కెమెరాలకు రోజుకు దాదాపు 173 గిగాబైట్లు. అంటే 1 టెరాబైట్ డిస్కు ఆరు రోజులు కూడా రాదు. హెచ్.265 విధానంలో వేగాన్ని 2 మెగాబిట్లకు తగ్గించగలిగితే అదే డిస్కు 11 రోజులకు పైగా వస్తుంది.

ఈ నాలుగు కెమెరాల పూర్తి దృశ్యాన్ని ఎడతెగకుండా బయటకు పంపాలంటే 16 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిరంతరం కావలెను. ఇది అన్ని కనెక్షన్లపై సాధ్యం కాదు. కనుక పూర్తి నాణ్యత గల దృశ్యాన్ని ఇంట్లోని డిస్కులో ఉంచి, కదలిక ఉన్న ఘట్టాలను మాత్రమే బయటకు పంపడం ఆచరణయోగ్యం. అదే వేగంతో తీసిన 30 సెకన్ల దృశ్యం 15 మెగాబైట్లు మాత్రమే. కెమెరా ఇచ్చే తక్కువ నాణ్యత గల రెండవ ప్రవాహాన్ని సెకనుకు 512 కిలోబిట్ల చొప్పున పంపినా నాలుగు కెమెరాలకు రోజుకు 22 గిగాబైట్లు సరిపోతాయి. అయితే ఆ నాణ్యతలో ముఖం గుర్తుపట్టడం కష్టం. గేటు, వీధి తలుపు వైపు ఉన్న ఒక్క కెమెరానైనా పూర్తి నాణ్యతతో పంపడం మేలు.

నిమిషాలే కీలకం

ప్రతి రాత్రి నిర్ణీత వేళకు ప్రతి తీసే పద్ధతి కార్యాలయ పత్రాలకు సరిపోతుంది గాని చోరీకి సరిపోదు. రాత్రి 2 గంటలకు దొంగ ప్రవేశించి, 4 గంటలకు ప్రతి తీయవలసియున్నట్లయితే, అప్పటికి రికార్డరే ఉండదు. దృశ్యం దొంగ కంటే ముందుగా ఇల్లు దాటవలెను.

మెయిన్ స్విచ్ ఆపడం, బయట వేలాడే ఇంటర్నెట్ తీగ తెంపడం కష్టమైన పనులు కావు. కనుక రికార్డరుతో పాటు రౌటరును కూడా యూపీఎస్‌కు కలపడం, వీలైతే సిమ్ కార్డుతో పనిచేసే రౌటరును అదనంగా ఉంచడం అవసరం. కెమెరాలో మెమొరీ కార్డు ఉంటే తీగ తెగిన తరువాతి దృశ్యం కూడా, కెమెరాకు విద్యుత్తు ఉన్నంతవరకు, అందులో నమోదవుతుంది. సంబంధం తెగిన వెంటనే మొబైలుకు హెచ్చరిక వచ్చే సదుపాయాన్ని ఆన్ చేయవలెను. ఆ హెచ్చరిక వచ్చిన సమయం కూడా దర్యాప్తుకు ఒక ఆధారమే.

చట్టం దృష్టిలో బయటి ప్రతి

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 ఈ విషయంలో ముఖ్యమైన స్పష్టత ఇచ్చినది. వీడియో దృశ్యం ఒకచోట నిల్వ అవుతూ అదే సమయంలో మరొకచోటికి పంపబడినట్లయితే, అలా నిల్వ అయిన ప్రతి రికార్డింగును ప్రాథమిక సాక్ష్యంగా పరిగణించాలని సెక్షన్ 57 వివరణ పేర్కొంటున్నది. రికార్డరు చోరీకి గురైన సందర్భంలో, నేరం జరుగుతుండగానే బయటకు చేరిన ప్రతికి ఈ నిబంధన వల్ల ప్రాముఖ్యం ఏర్పడుతున్నది.

అయితే ధ్రువపత్రాన్ని విస్మరించరాదు. పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65-బి ధ్రువపత్రం గురించి 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో హాజరుపరచి సాక్ష్యమిస్తే ధ్రువపత్రం అవసరం లేదని, అది సాధ్యం కానప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని స్పష్టం చేసినది. పరికరమే పోయిన ఇంటికి మొదటి మార్గం మూసుకొనిపోతుంది. కొత్త చట్టంలో ఆ స్థానంలో ఉన్న సెక్షన్ 63 కింద ధ్రువపత్రానికి రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది సాక్ష్యం సమర్పించే వ్యక్తి, రెండవది నిపుణుడు పూర్తి చేయవలెను. ఫైలు మారలేదని తెలిపే హ్యాష్ విలువను కూడా అందులో నమోదు చేయవలసియున్నది.

చోరీ తెలిసిన వెంటనే

112కు ఫోను చేసి, పోలీసులు వచ్చేవరకు గదులలోని వస్తువులను తాకరాదు. క్లౌడ్‌లోని దృశ్యాలను గడువు ముగిసేలోగా దించుకొనవలెను. రికార్డరు పోయినదని యాప్ నుండి దానిని తొలగించడం, చందా రద్దు చేయడం తొందరపాటు చర్యలు. వాటితో ఉన్న దృశ్యాలు కూడా పోయే ప్రమాదం ఉన్నది.

దించుకొన్న ఫైలును కత్తిరించకుండా, పేరు మార్చకుండా పెన్ డ్రైవులో ఇవ్వవలెను. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత తగ్గి, ఫైలు మారిపోతుంది. కెమెరా గడియారం అసలు సమయానికి ఎన్ని నిమిషాలు తేడాగా ఉన్నదో రాసి ఇవ్వవలెనే గాని, దృశ్యంలోని సమయాన్ని సరిదిద్దరాదు. విదేశాలలో ఉన్న పిల్లలు ఫుటేజీని దించినట్లయితే అందులో కనిపించేది భారత కాలమానమా, అక్కడి కాలమానమా అన్నది స్పష్టం చేయవలెను. రికార్డరు కొనుగోలు రసీదును, సీరియల్ నంబరును ముందుగానే వేరొక చోట భద్రపరచినట్లయితే, దొరికిన సొత్తులో దానిని గుర్తించడం సులభమవుతుంది.

గోప్యత విషయంలో జాగ్రత్తలు

బయటికి పంపే ప్రతి దృశ్యం ఇతరుల చేతికి చిక్కే అవకాశం కూడా ఉన్నది. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును మార్చని కెమెరాలు, రికార్డర్లు వేలాదిగా 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము అధీనంలోకి వెళ్లి ఇంటర్నెట్ సేవలపై దాడికి ఉపయోగపడినవి. కొత్త పాస్‌వర్డు, రెండంచెల ధ్రువీకరణ, ఎప్పటికప్పుడు సాఫ్ట్‌వేర్ నవీకరణ తప్పనిసరి. పడక గదులలో కెమెరాలు ఉంచరాదు. పొరుగువారి వాకిలి, కిటికీలు దృశ్యంలోకి రాకుండా కెమెరాను తిప్పవలెను. వ్యక్తుల గుప్తాంగాల చిత్రాలను అనుమతి లేకుండా తీయడం, ప్రచురించడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 66-ఇ కింద శిక్షార్హం.

అధికారులకు, పాత్రికేయులకు

జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు అమర్చి 30 రోజుల ఫుటేజీని నిల్వ ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం నిర్దేశించినది. ఇళ్ల విషయంలో నిర్ణయం గృహస్థులదే. కావున కాలనీ సంఘాల సమావేశాలలో, పండుగల ముందు జరిగే అవగాహన కార్యక్రమాలలో కెమెరాలు ఉన్నాయా అన్న ప్రశ్నతో ఆగక, దృశ్యం ఇల్లు దాటి ఎక్కడికి చేరుతున్నది అని కూడా అధికారులు అడగడం ప్రయోజనకరం. చోరీ వార్తలు రాసే పాత్రికేయులు ఫుటేజీ దొరికినదా, దొరకకపోతే ఎందువల్ల అన్న ఒక్క వాక్యం చేర్చినా పాఠకులకు అది హెచ్చరికగా ఉపకరిస్తుంది. బాధితుల, పిల్లల ముఖాలను కనపడకుండా చేసిన పిదపనే దృశ్యాలను ప్రచురించడం సముచితం.

గృహస్థులు నెలకొకసారి బయటి ప్రతిని తెరిచి, నిన్నటి దృశ్యం నిజంగా అక్కడ ఉన్నదో లేదో చూసుకొనవలెను. ఊరికి బయలుదేరే ముందు తాళం పరీక్షించినట్లే దీనిని కూడా పరీక్షించడం అవసరం.