సైకిలును గూర్చి కూడా పుస్తకాలా?

సైకిలు ఎక్కని ఇల్లు మన పల్లెల్లో అరుదు. పాల క్యాన్లు, గడ్డిమోపులు, బడికి వెళ్లే పిల్లలు, అన్నీ దాని మీదనే సాగిన రోజులు మనకు తెలుసు. అయినను సైకిలును గూర్చి పుస్తకాలున్నాయంటే నవ్వు వస్తుంది. మేమూ నవ్వినవారమే.

కొన్నేళ్ల క్రితము మా సంఘములోని ఒక తల్లి, "అయ్యగారూ, నేను సైకిలు నేర్చుకుంటే తప్పా?" అని అడిగారు. వయస్సు నలభై దాటింది. పొరుగూరికి రోజూ నడిచి కూలికి వెళ్లేవారు. "ఈ వయస్సులో ఎందుకమ్మా? పడితే ఎముక విరుగుతుంది" అని చెప్పి పంపివేశాము. ఆమె మరల అడుగలేదు. తరువాత మేము చదివిన పుస్తకాలు ఆ జవాబును మాకు పదేపదే గుర్తు చేశాయి.

మొదటిది 1895లో వెలువడిన 'ఎ వీల్ వితిన్ ఎ వీల్', అనగా 'చక్రములో చక్రము'. పేరు చూడగానే యెహెజ్కేలు ప్రవక్త చూచిన దర్శనము గుర్తుకు రాక మానదు. దీనిని వ్రాసిన ఫ్రాన్సెస్ విల్లార్డ్, మద్యపానమునకు విరోధముగా పనిచేసిన అమెరికా క్రైస్తవ స్త్రీల సమాజమునకు అధ్యక్షురాలు. పదహారవ ఏట పొడవు గౌనులు తొడిగిన నాటి నుండి తన పరుగులు, ఆటలు ఆగిపోయాయని ఆమె చెప్పుకొన్నారు. తల్లి మరణము, తీరికలేని పని ఆమెను కృంగదీశాయి. అప్పుడు 53వ ఏట సైకిలు నేర్చుకొన్నారు! రోజుకు 10, 15 నిమిషాల చొప్పున సుమారు మూడు నెలలు పట్టింది. తన సైకిలుకు 'గ్లాడిస్' అని ముద్దుపేరు కూడా పెట్టుకొన్నారు.

రెండవది డెర్వ్లా మర్ఫీ వ్రాసిన 'ఫుల్ టిల్ట్' (1965). ఐర్లండు దేశములో పదవ పుట్టినరోజుకు ఆమెకు ఒక పాత సైకిలు, ఒక అట్లాసు వచ్చాయి. సైకిలు మీద ఇండియా వెళ్లాలని అప్పుడే నిశ్చయించుకొన్నారు. అయితే పదునాలుగవ ఏట చదువు మాని, జబ్బుతో ఉన్న తల్లికి ఏళ్ల తరబడి పరిచర్య చేశారు. తల్లి 1962లో మరణించిన తరువాతనే, 1963లో, ఒంటరిగా బయలుదేరి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ఢిల్లీ చేరారు. కొండలు, లోయలు, మంచు, వాటితో పాటు దారిలో అన్నము పెట్టిన పేదవారు కూడా ఆ పుస్తకములో ఉన్నారు.

మూడవది మనకు మరీ దగ్గరది. చెన్నైలో తెలుగు కుటుంబములో పుట్టిన పాత్రికేయుడు పి. సాయినాథ్ 1996లో ప్రచురించిన 'ఎవ్రిబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్'. అందులో ఒక అధ్యాయము తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా స్త్రీలను గూర్చినది. 1990ల ఆరంభములో అక్కడ అక్షరాస్యత ఉద్యమముతో పాటు సైకిలు కూడా నేర్పారు. లక్షమందికి పైగా పల్లె స్త్రీలు నేర్చుకొన్నారు. ఎగతాళి చేసినవారున్నారు. అయినను వారు ఆగలేదు. లేడీస్ సైకిళ్లు చాలకపోతే మగవారి సైకిళ్లే కొన్నారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు గదా! బస్సు కొరకు, భర్త కొరకు, అన్నదమ్ముల కొరకు కాచుకొని ఉండే అవసరము తగ్గింది.

అయితే నేర్చుకొంటే చాలునా? దారి క్షేమముగా ఉండవద్దా? పట్టణ రహదారులను గూర్చిన పుస్తకాలు ఈ ప్రశ్ననే అడుగుతాయి. జాన్ పుచర్, రాల్ఫ్ బ్యూలర్ 2012లో కూర్చిన 'సిటీ సైక్లింగ్' అటువంటిది. నేడు సైకిళ్లకు పేరుపొందిన నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చి, మా బిడ్డల హత్య ఆపండని అడిగారు. క్రమేణా సైకిళ్లకు వేరు బాటలు వచ్చాయి, ఇండ్ల నడుమ మోటారు బండ్ల వేగము తగ్గించారు. ఆ బాటలు వాటంతటవే రాలేదు, అడిగితే వచ్చాయి.

మన ఊరి బడి దారిన కూడా ఇప్పుడు లారీలు, కార్లు వేగముగా పోతున్నాయి. మన ఆడపిల్ల ఏ అంచున తొక్కుకొంటూ వెళ్తున్నదో ఒకసారి వెళ్లి చూద్దాము. సైకిలు వెనుక ఎర్రని రిఫ్లెక్టరు ఉన్నదా? బడి దగ్గర బండ్ల జోరును తగ్గించే ఏర్పాటు ఉన్నదా? లేకుంటే పంచాయతీని అడుగుదాము. ఒక్కరు కాదు, పదిమంది తల్లిదండ్రులు కలిసి అడుగుదాము.

ఆ తల్లికి మేమిచ్చిన జవాబు తప్పు. ఈ మాట మొన్న ఆమె ఇంటికి వెళ్లి చెప్పాము. ఆమె నవ్వి, "నాకెందుకులెండి అయ్యగారూ, మా మనవరాలికి నేర్పించండి" అన్నారు. "ఇద్దరికీ నేర్పిద్దామమ్మా" అని వచ్చాము.