పాత పడవ, క్రొత్త అల

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున స్థిరపడిన మన పాఠకు డొకరు గత మాసమున ఒక ప్రశ్న పంపిరి. వారు 1990 దశకము నాటి వేక్‌బోర్డు పడవ నొకదానిని చవుకగా కొని, ఇంటి షెడ్డులో సెలవుదినములందు తామే బాగుచేసికొనుచున్నారట. రంగు, ఇంజను, మెత్తలు ఒక కొలిక్కి వచ్చిన పిమ్మట సరస్సులో దింపి, రబ్బరు సంచులలో నీరు నింపి నడుపగా, నీరు నిండినకొలది వెనుకటి అల లావెక్కుచున్నదే గాని చక్కని రూపమునకు వచ్చుట లేదట. “అల ఇంజను బలమువలన పుట్టునా, పడవ బరువువలన పుట్టునా? బరువు పెంచిన అల యేల పెరుగవలెను?” అని వారి సందేహము. ఇంత చక్కని ప్రశ్నకు ఒక పేరాలో సమాధానము చెప్పి ఊరకుండుట నాకు సాధ్యము కాదు.

ఈ క్రీడ నెరుగనివారికి రెండు మాటలు. 1922లో మిన్నెసోటా రాష్ట్రపు పెపిన్ సరస్సుపై రాల్ఫ్ శామ్యూల్సన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు రెండు పలకలు కాళ్లకు తగిలించుకొని పడవవెంట జారినది మొదలు, ఆ స్కీయింగునకు పడవలు కట్టువారందరును అల లేవని పడవకై తపించిరి. అల యెంత చిన్నదైన ఆటగాని కంత మేలు. 1985లో టోనీ ఫిన్ తెచ్చిన ‘స్కర్ఫర్’ పలక, 1990లో హెర్బ్ ఓబ్రయన్ తెచ్చిన ‘హైపర్‌లైట్’ పలక వచ్చినతోడనే కోరిక తలక్రిందయ్యెను. వేక్‌బోర్డు ఆటగాడు ఆ అలపైకి ఎక్కి గాలిలోని కెగురును. అల లేనిచో ఆటయే లేదు. స్కీ పడవ గంటకు 58 కిలోమీటర్ల వేగమున పరుగెత్తగా, వేక్‌బోర్డు పడవ 35 కిలోమీటర్ల దగ్గర నిలుచును. ఆ తేడాలోనే మన కథయంతయు నున్నది.

మరమ్మతు సంగతి త్వరగా ముగింతును. ఎండకు వెలిసిన జెల్‌కోటు పొరను నీటి కాగితముతో ముతకనుండి సన్నమునకు క్రమముగా రుద్ది, పాలవలె తెల్లగా కారు నీరు ఆగిన పిమ్మట మెరుగుపెట్టి మైనము పూయుట ఓపికయే గాని విద్య కాదు. శీతలజలపు పంపులోని రబ్బరు ఇంపెల్లరును మార్చునపుడు పాతదాని రెక్కలు లెక్కించుడు. ఒకటి తక్కువైనచో అది ఎచ్చటికిని పోలేదు, ముందున్న గొట్టములోనో కూలరు నోటిలోనో అడ్డుపడి యున్నది, దానిని వెదకి తీయనిదే ఇంజను వేడెక్కక మానదు. స్టార్టరు, ఆల్టర్నేటరు కారువి తెచ్చి బిగింపరాదు. పడవ గర్భమున పెట్రోలు ఆవిరి నిలిచి యుండును గనుక, నిప్పురవ్వ వెలుపలికి రాని పడవ భాగములే కావలెను. ఇంజను త్రిప్పుటకు ముందు నాలుగు నిమిషములు బ్లోయరు నడుపుడు.

అన్నిటికంటె ముఖ్యము అడుగుభాగమున నిలువునా సాగు స్ట్రింగరులు. పాత పడవలు పెక్కింట ఇవి ఫైబరుగ్లాసు చుట్టిన కఱ్ఱ దూలములు. చిన్న సుత్తితో ఈ కొననుండి ఆ కొనదాక తట్టుచు పొండు. గట్టి కఱ్ఱ కంగుమనును, చివికినది మందముగా బదులిచ్చును. అనుమానమున్న చోట చిన్న బెజ్జము వేయగా తడిసిన నల్లని పొట్టు వచ్చెనా, నీటి సంచుల ఆలోచన అప్పటికి మానుడు. ఇంజను ఆ దూలములపైననే కూర్చున్నది. అవి క్రుంగిన షాఫ్టు వరుస తప్పును. ఇంజను అంచుకును షాఫ్టు అంచుకును నడుమ సందులోని తేడా 0.08 మిల్లీమీటరు మించరాదు. ఆ కొలతయు పడవ నీటిలో తేలుచుండగా తీయవలసినదే, ట్రైలరుపై నున్నప్పుడు కాదు.

ఇక సమాధానము. అలను పుట్టించునది బరువు. దాని వెల చెల్లించునది ఇంజను. ప్రొపెల్లరు చిమ్ము తెల్లని నురుగును చూచి అలయు దానిదే యని భ్రమించువారు పెక్కుమంది. ఇంజను నాపి, అదే పడవను అదే వేగమున మఱియొక పడవచే దూరమునుండి లాగించినను ఇంచుమించుగా అదే అల లేచును. పడవను నీరు మోయుటయనగా దాని యడుగున పీడనము పెరుగుటయే. ఆ పీడనము పడవతోపాటు పరుగెత్తుచుండగా, క్రింద నణగిన నీరు పడవ దాటిపోగానే పైకి లేచును, లేచిన ఊపున సమతలమును మించిపోవును, భూమ్యాకర్షణ దానిని మరల క్రిందికి లాగును.

1887 ఆగస్టులో ఎడింబరోలో ఇంజనీర్ల సభ యెదుట సర్ విలియం థామ్సన్, అనగా అయిదేండ్ల పిమ్మట లార్డ్ కెల్విన్ అయిన మహానుభావుడు, నౌకాతరంగములను గూర్చి ప్రసంగించెను. ఆయనకు ‘లల్లా రూఖ్’ అను సొంత తెరచాపనౌక ఉండెడిది. సముద్రము ఆయనకు కేవలము పుస్తకవిషయము కాదు. లోతైన నీటిపై తిన్నగా, సమవేగమున పోవునది బాతైనను, యుద్ధనౌకయైనను, వెనుక విచ్చుకొను అలల త్రికోణము మధ్యరేఖకు ఇరువైపుల 19.47 డిగ్రీలలోపలనే యిముడునని ఆయన సిద్ధాంతము. వేగము రెట్టింపైనను అంతే, బరువు రెట్టింపైనను అంతే. భౌతికశాస్త్రమున ఇంతకంటె సుందరమైన ఫలితమును నే నెరుగను. దీనిని నిరూపించుటకు ఒక కాగితము, ఒక వృత్తలేఖిని చాలును గనుక పాఠకులు ఇచ్చట తొందరపడవలదని ప్రార్థన.

పడవ ‘అ’ అను చోటినుండి ‘ఇ’ అను చోటికి వచ్చినదనుకొనుడు. ‘అ’ వద్ద అది అన్ని దిక్కులకు అలలను వెదజల్లెను. వానిలో పడవపైనుండి చూచువానికి కదలక నిలిచినట్లు కనబడునవియే ఒకదానితో నొకటి పొందిక కుదిరి బలపడును. తక్కినవి పరస్పరము చెరపుకొని నశించును. ఏటవాలుగా పోవు అలశిఖరము ‘ఉ’ అను బిందువును చేరినదన్న, ఈ పొందిక కుదురుటకు ‘అ-ఉ-ఇ’ లంబకోణము కావలెను. అర్ధవృత్తమందలి కోణము లంబకోణమని బడిలో చదివినదే. కావున అట్టి బిందువులన్నియు ‘అ-ఇ’ వ్యాసముగా గల వృత్తముపై నుండును.

ఇచ్చట నీరు తన విచిత్రగుణమును చూపును. లోతునీటి అలల గుంపును నిదానించి చూచిన, వెనుకభాగమున నొక శిఖరము పుట్టి, గుంపును చీల్చుకొని ముందుకు నడచి, ముందంచున కరగిపోవుచుండును. శిఖరపు వేగములో సగము వేగముతోనే గుంపు నడచును. దీనిని స్టోక్స్ అను గణితజ్ఞుడు 1876లో గణితమున చూపగా, మరుసటి యేట ఆస్‌బర్న్ రెనాల్డ్స్ అను ఇంజనీరు అలలోని శక్తియే సగము వేగమున ప్రయాణించుచున్నదని వివరించెను. కావున మనము గీసిన ప్రతి ‘అ-ఉ’ రేఖను సగమునకు త్రుంచవలెను. త్రుంచగా మిగులు బిందువులు ఒక చిన్న వృత్తమగును, దాని వ్యాసార్ధము ‘అ-ఇ’లో నాలుగవ వంతు, దాని కేంద్రము పడవ ఇప్పుడున్న ‘ఇ’ నుండి నాలుగింట మూడు వంతుల దూరమున నుండును. ‘ఇ’ నుండి ఆ వృత్తమునకు స్పర్శరేఖ గీయుడు. ఆ కోణపు సైను విలువ, ఒకటిని మూడుచే భాగింపగా వచ్చినది, కోణము 19.47 డిగ్రీలు. వేగముగాని, బరువుగాని, నీటి సాంద్రతగాని లెక్కలోనికి రానే లేదు. భూమ్యాకర్షణ పరిమాణము సైతము రాలేదు. చంద్రునిపై సరస్సుండినను అదే కోణము.

అయినను వడిగా పోవు పడవల వెనుక అల ఇంతకంటె ఇరుకుగా కనబడుట వాస్తవము. 2013లో మార్క్ రాబో, ఫ్రెడెరిక్ మొయిసీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఉపగ్రహచిత్రములలో ఆ కోణములను కొలిచి, వేగము హెచ్చినకొలది అవి కుంచించుచున్నవని ప్రకటింపగా, కెల్విన్ పొరబడెనా యను చర్చ బయలుదేరినది. కెల్విన్ పొరబడలేదు. డార్మన్, బెంజాకెన్, రఫాయెల్ అను మువ్వురు మరుసటి యేట దానిని తేల్చిరి: హద్దు కెల్విన్ చెప్పినదే, కాని వేగపు పడవవెనుక మిక్కిలి యెత్తైన అలలు హద్దున గాక దానికి లోపలి రేఖపై చేరును. ఏలయనగా పడవ తనకంటె ఎంతో పొడవైన అలను బలముగా రేపజాలదు. మన పాఠకుని పడవ పొడవు సుమారు 6.4 మీటర్లు, గంటకు 35 కిలోమీటర్ల వేగమున దానితో సరిగా వెంట నడువవలసిన అల పొడవు 60 మీటర్లు. అంతటి అలను రేపు శక్తి ఆ చిన్న అడుగునకు లేదు. పొట్టి అలలే మిగులును, అవి ఇరుకున చేరును.

ఈ శాస్త్రమున నిజముగా పొరబడినవాడు స్కాట్ రస్సెల్ అను నౌకానిర్మాత. కాలువలో ఒంటరి అలను గుఱ్ఱముపై వెంబడించి కనుగొన్న ప్రతిభాశాలి యగుటచేతనే ఆయన మాట చాలకాలము చెల్లినది. పడవ ముక్కును అల ఆకృతిలోనే సన్నగా మలచినచో ప్రతిఘటన తగ్గి, అన్నిట అదే శ్రేష్ఠమగునని ఆయన వాదము. విలియం ఫ్రూడ్ అను ఇంజనీరు 1867లో ‘స్వాన్’, ‘రేవెన్’ అను రెండు నమూనాలు చేసి, రస్సెల్ చెప్పినట్లు వాడిగా నొకదానిని, మొద్దు కొనలతో నొకదానిని మలచి డార్ట్ నదిలో లాగి చూచెను. ఒక వేగమున నొకటి, మఱియొక వేగమున మఱియొకటి మేలయ్యెను. అన్ని వేగములకు శ్రేష్ఠమగు ఆకృతి లేదు. నౌక వేగమును దాని పొడవు వర్గమూలముతో పోల్చి చూడవలెనను ఫ్రూడ్ సూత్రము నేటికిని శిరోధార్యము.

మన పాఠకుని పడవ అల రూపు దాల్చకపోవుటకు కారణమిదే. ఆ కాలపు పడవలు పెక్కింటి అడుగు స్కీ కొఱకు, ఎక్కువ వేగమున అల లేవకుండుటకు మలచినది. బరువు వేయగా వెనుకభాగము లోతుగా దిగి, నీటిలో నొక గుంట త్రవ్వి, ఆ గుంట గోడలు లోనికి విరుచుకొనిపడుటచే అల లేచును; కాని దాని వాలు ఎట్లుండునో నిర్ణయించునది బరువుండు చోటు. ఒక్కొక్క పెద్ద సంచి 340 కిలోలు; రెండు సంచులన్న పడవ సొంత బరువులో ఇంచుమించు సగము. రెంటిని వెనుకనే వేసిన అల నిటారుగా, పొట్టిగా లేచి పైన చిట్లిపోవును. కొంత బరువు ముక్కు వైపునకు మార్చిన వాలు సాగి శుభ్రపడును. మార్చి చూడవలసినది ముందు ఇదియే. సంచిని సగము నింపి విడువరాదు. లోని నీరు ప్రక్కకు పొరలి ఒరుగుటకు తోడగును. అలయందలి శక్తి యెత్తు వర్గమును బట్టి పెరుగును గాన, రెట్టింపు యెత్తు కోరువాడు నాలుగింతల శక్తికి పెట్రోలు పోయవలెను. ఇంజను మూలుగకుండ తక్కువ పిచ్‌గల, అనగా ఒక్కొక్క చుట్టునకు తక్కువ దూరము సాగు, ప్రొపెల్లరు బిగింపవలెను. జీపీయస్‌తో వేగమును నిలుపు పర్ఫెక్ట్‌పాస్ వంటి యంత్రమును పాత పడవకు అమర్చుట డబ్బు వృథా కాదు, వేగము రెండు కిలోమీటర్లు తప్పినను అల మారును గనుక. పెద్ద స్పీకర్లు, రంగురంగుల దీపములు వీనికంటె ముందు కొనువారిని చూచిన నాకు నిజముగా బాధ కలుగును.

పెంచిన అల ఒడ్డునకు పోయి అచ్చటనే తన శక్తిని దింపునని మరువరాదు. ఒడ్డు దగ్గర, వెనుకటి అలపైననే సర్ఫింగు చేయించు పడవల అలలు సాధారణ పడవల స్థాయికి తగ్గవలెనన్న 500 అడుగులకు పైబడిన దూరము కావలెనని 2022లో మిన్నెసోటా విశ్వవిద్యాలయము తేల్చినది. వెర్మాంట్ రాష్ట్రము 2024నుండి అట్టి క్రీడలకు 500 అడుగుల దూరము, 20 అడుగుల లోతు విధించినది. నీటి సంచులతో మఱియొక జాగ్రత్తయు కావలెను: 2007లో మీడ్ సరస్సున బయటపడిన క్వాగా ఆల్చిప్పల వంటి హానికర జీవులు సంచులలో మిగిలిన నీటితోనే ఒక సరస్సునుండి మఱియొక దానికి ప్రయాణింపగలవు. కావున, ఆర్యా, ఒడ్డునకు దూరముగా లోతునీటిలోనే నడుపుడు; ఇంటికి బయలుదేరుటకు ముందు సంచులను చివరిదాక తోడి, అడుగు బిరడా తీసి, నీరంతయు అచ్చటనే విడిచి రండు.