పరమాణువులను లెక్కపెట్టే తక్కెడ

అనకాపల్లి జిల్లా రోలుగుంట వైపు బెల్లం వండేచోట కాసేపు నిలబడితే చాలా సంగతులు కంటితోనే తెలిసిపోతాయి. రసం మరిగి తెట్టు కడుతుంది, దాన్ని తోడి పారబోస్తారు, పాకం ముదరగానే దిమ్మ కడతారు. దిమ్మలో ఉన్న ఇనుము మాత్రం కంటికి కనపడదు. అందులో కొంత చెరకు వేరు నేలలోంచి లాగింది, కొంత ఇనప పెనం ఇచ్చింది. మాంగనీసు, జింకు, రాగి కూడా రవంత రవంత ఉంటాయి. నేలో నీరో చెడితే సీసం, కాడ్మియం కూడా వచ్చి చేరతాయి. నాలుకకు అన్నీ తీపే.

నాలుకకు అందనిదాన్ని పట్టుకునే యంత్రం మంట దగ్గర పుట్టింది. పొయ్యిలో ఉప్పు చల్లితే మంట పసుపుపచ్చగా మారడం మన వంటింట్లో అందరూ చూసిందే. ఆ పసుపు సోడియానిది. ప్రతి మూలకానికీ తనదంటూ ఒక వెలుగు ఉంటుందని జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ అనే శాస్త్రవేత్తలు 1859 నుంచి చేసిన ప్రయోగాలతో తేల్చిచెప్పారు. మూలకం ఏ రంగు వెలుగు ఇస్తుందో అదే రంగు వెలుగును మింగుతుందని కూడా కిర్కాఫ్ అప్పుడే గ్రహించాడు. అయినా దాదాపు వందేళ్లపాటు రసాయనశాలలు ఎక్కువగా మంట ఇచ్చే వెలుగునే కొలుస్తూ వచ్చాయి.

1952లో ఒక ఆదివారం పొద్దున మెల్‌బోర్న్‌లో తోటపని చేసుకుంటున్న శాస్త్రవేత్త ఆలన్ వాల్ష్‌కు ఒక సంగతి తట్టింది. మంటలో పడ్డ పరమాణువుల్లో వెలిగేవి అతి కొద్ది, ఊరికే ఉండేవే అత్యధికం. మరి ఆ కొద్దిపాటి వెలుగును పట్టుకుని వేలాడడమెందుకు? మిగిలినవి మింగే కాంతిని కొలిస్తే సరిపోదా? మర్నాడే సోడియంతో ప్రయోగం చేశాడు, ఫలించింది. 1955లో పరిశోధనా పత్రం అచ్చయింది. ఇనుముకు ఇనుము దీపం, సీసానికి సీసం దీపం, ఇలా మూలకానికొక దీపం పెట్టి కొలిచే ఆ యంత్రం ప్రపంచమంతా వ్యాపించింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. కొత్త పదార్థం ఏదీ కనిపెట్టలేదు, చూసే దిక్కు మార్చాడు, అంతే.

దీపం మార్చినప్పుడల్లా ఒక్క మూలకమే తేలడం దాని లోటు. 1980లో అమెరికాలోని అయొవాలో హౌక్, ఫాసెల్ బృందం మంటను పక్కనబెట్టి ఆర్గాన్ వాయువును వేల డిగ్రీలకు రగిలించి ప్లాస్మా చేసింది, దాని వెనక పరమాణువులను బరువును బట్టి వేరుచేసే పరికరం తగిలించింది. దాని పేరే ఐసీపీ-ఎంఎస్. టన్ను బెల్లంలో ఒక గ్రాము సీసం ఉంటే దాన్ని ఒక పీపీఎం అంటాం. ఈ యంత్రం వెయ్యి టన్నుల్లో గ్రామును, అంటే వంద లారీల బెల్లంలో చిటికెడును కూడా పట్టేస్తుంది.

బెల్లం ముక్కను నేరుగా యంత్రంలో పెట్టరు. అర గ్రాము తూచి, నత్రికామ్లం పోసి, బిగించిన పాత్రలో వేడిచేస్తే గోధుమరంగు పొగ వదిలి నీళ్లలా తేటపడుతుంది. శుద్ధజలం కలిపితే యంత్రం దాన్ని సన్నటి గొట్టంతో పీల్చి తుంపరగా ప్లాస్మాలోకి చిమ్ముతుంది.

ఇంత చేసినా అది మోసపోయే సందర్భాలున్నాయి. ఆర్సెనిక్ పరమాణువు బరువు 75. ఆవకాయలో ఉప్పు ఉంది, ఉప్పులో క్లోరిన్ ఉంది. 35 బరువున్న ఆ క్లోరిన్ 40 బరువున్న ఆర్గాన్‌తో జతకడితే అదీ 75. విషం లేని ఆవకాయలో యంత్రానికి విషం కనపడుతుంది! ఇనుము 56, ఆర్గాన్‌కు 16 బరువున్న ఆక్సిజన్ తోడైనా 56. అందుకే దారిలో హీలియం నింపిన గది పెట్టి ఇలాంటి జంటలను వెనక్కు నెడతారు. ఏమీ కలపని ఖాళీ నమూనాను, ముందే విలువ తెలిసిన నమూనాను పక్కన పెట్టి నడపని ప్రయోగశాల ఇచ్చే అంకెను నేను నమ్మను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారాల్లో ఏమేం ఉన్నాయో చెప్పే పట్టికల పుస్తకం వెలువరించింది. ఉత్తరాంధ్రలో చోళ్లనే రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మర పట్టిన బియ్యంలో ఏడున్నరే. చోడి అంబలి తాగితే బలమన్న పెద్దల మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అదే పుస్తకంలో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం లెక్కలూ ఉన్నాయి. మేలుచేసేవాటిని, కీడుచేసేవాటిని పక్కపక్కనే పెట్టడం సరైన పని. సెలీనియాన్నే చూడండి, రోజుకు కొన్ని పదుల మైక్రోగ్రాములు లేకపోతే ఒంటికి నష్టం, 400 మైక్రోగ్రాములు దాటుతూపోతే విషం.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో కుప్పకూలారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షించిన రక్తనమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. మనుషులు పడిపోయాక రక్తంలో వెతకడంకన్నా ముందే నీళ్లలో, కూరల్లో, బియ్యంలో వెతకడం మేలు. ప్రభుత్వాలు ఆ పరీక్షలను మండలాల దాకా తీసుకురావాలి.

అనకాపల్లి మార్కెట్లో దిమ్మకు రంగు చూసి ధర కడతారు. ఆ రంగు కోసమే కొందరు పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. రంగుతోపాటు లోహాల లెక్క కూడా అడగండి. కొనేవాళ్లు అడిగితేనే అమ్మేవాళ్లు పరీక్ష చేయిస్తారు.