ఉప్పుగాలిలో వీణ పదిలమేనా?

హంసలదీవిలో మా పిన్ని ఇంటికి ఏ వానాకాలం వెళ్లినా ఒకటే ఫిర్యాదు. "బిరడాలు బిగుసుకుపోయాయే అమ్మాయ్, తిప్పితే కదలవు. ఎండలొస్తేనేమో నిలవకుండా జారిపోతాయి!" కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు మరి. గాలి నిండా తేమ, ఉప్పు.

వీణను పనసకర్రతో చేస్తారు. కర్ర తేమ పీలిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఈ మార్పు నెమ్మదిగా జరిగితే తట్టుకుంటుంది. పగలంతా తడిగాలి, రాత్రి ఏసీ చల్లదనం... ఇలా రోజూ అయితే అతుకులు విడతాయి, పగుళ్లు వస్తాయి. కాబట్టి ఏసీ గదిలోంచి అటూ ఇటూ తిప్పకుండా వీణకు ఒక చోటు ఖాయం చేయండి. వానకు చెమ్మగిల్లే గోడకు ఆనించొద్దు, ఉత్త గచ్చుమీద పెట్టొద్దు. కింద చెక్కపీట, పైన నూలుగుడ్డ చాలు. అందంగా ఉందని ప్లాస్టిక్ కవరు తొడిగితే తేమ లోపలే ఉండిపోతుంది.

వేడితో ఇంకో తంటా. వీణకున్న 24 మెట్లూ నిలబడేది తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్ద మీదే. ఎండలో ఆపిన కారులో గంటసేపు వదిలేస్తే అది మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. మళ్లీ వేయించాలంటే పనితెలిసిన చేయి కావాలి. ఖర్చు సంగతి సరే, పాప సాధన కూడా అన్నాళ్లూ ఆగినట్టే.

మీ పిల్లలది గిటారా? దాని పైచెక్క మరీ పల్చన. తేమకు ఉబ్బితే తీగలు పైకి లేచి, నొక్కాలంటే లేతవేళ్లు నొప్పెడతాయి. పిల్ల బద్ధకిస్తోందని కోప్పడే ముందు ఓసారి తీగల ఎత్తు చూడండి! గిటారుకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిదంటారు. మన తీరంలో అంత తక్కువకు తేవడం కష్టమే. పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి. బియ్యం మూట పెట్టేవాళ్లూ ఉన్నారు గానీ, పురుగులొస్తే అదో గోల. చల్లని గదిలోంచి తెచ్చిన పెట్టెను వెంటనే తెరవొద్దు, అరగంట ఆగండి.

ఏ వాద్యమైనా వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడవాల్సిందే. చెమటకు ఉప్పుగాలి తోడైతే ఉక్కుతీగ ఇట్టే తుప్పు పడుతుంది.

పగులు కనిపిస్తే మాత్రం ఇంట్లో ఉన్న జిగురు పూసేయకండి. నూజివీడులో తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలున్నాయి, వాళ్లకు చూపించండి.