అంచు తప్పితే... అంతే!

గాల్లోకి లేవడం, నాలుగు చుట్లు తిరగడం, ఒంటికాలి మీద దిగడం... ఫిగర్ స్కేటింగ్‌లో చూసేవాళ్లకు కనిపించేది ఇదే. అసలు లెక్క మాత్రం అంతకుముందే మొదలవుతుంది. కాలు మంచును వదిలే క్షణంలో బ్లేడు ఏ అంచు మీద ఉంది? మేటి స్కేటర్లకు కూడా చెమటలు పట్టించే ప్రశ్న ఇది.

సంగీతం సాగుతోంది. కుర్రాడు వెనక్కి జారుతూ వచ్చాడు. రెప్పపాటులో గాల్లోకి లేచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు! తూలకుండా దిగాడు. స్టేడియం చప్పట్లతో హోరెత్తింది. కాసేపటికి స్కోరు షీటు వచ్చింది. ఆ జంప్ పేరు పక్కన చిన్న ‘ఇ’ అక్షరం. అంతే, దాని ధరలో ఐదోవంతు ఎగిరిపోయింది. బాగా తిరిగాడు, బాగా దిగాడు... మరి తప్పెక్కడ? బయల్దేరడంలో!

ఒక బ్లేడు... రెండు అంచులు

స్కేటింగ్ బూటు కింది బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని అడుగున పొడవునా సన్నటి గాడి ఉంటుంది. గాడికి అటూ ఇటూ ఉండేవే అంచులు. రెండోకాలి వైపున్నది లోపలి అంచు, అవతలిది బయటి అంచు. బ్లేడు ముందుభాగంలో రంపపు పళ్లలాంటివి ఉంటాయి. వాటిని మంచులో గుచ్చి లేచే జంప్‌లలో ఫ్లిప్, లట్జ్ కవలపిల్లల్లాంటివి. రెండింటికీ ఎడమకాలి మీద వెనక్కి జారుతూ రావాలి. కుడికాలి పళ్లను మంచులో గుచ్చాలి. ఎడమవైపుకు గిర్రున తిరగాలి. (కుడివైపుకు తిరిగే అలవాటున్నవాళ్లకు ఇదంతా తారుమారు.) తేడా ఒక్కటే. ఎడమకాలి బ్లేడు లోపలి అంచు మీదుంటే ఫ్లిప్, బయటి అంచు మీదుంటే లట్జ్.

ఆస్ట్రియా స్కేటర్ అలోయిస్ లట్జ్ 1913లో పోటీలో చేసి చూపించిన జంప్ ఇది. కష్టమల్లా దిశతోనే. బయటి అంచు మీద స్కేటర్ ఒకవైపు వంపు తిరుగుతుంటాడు. గాల్లో తిరగాల్సింది దానికి ఎదురువైపు. కుడివైపు మలుపు తీసుకుంటున్న సైకిల్ మీంచి ఎడమవైపు తిరుగుతూ దూకమన్నట్టన్నమాట! అందుకే ఒళ్లు సులువైన దారి వెతుక్కుంటుంది. లేవబోయే ముందు చీలమండ లోపలికి ఒరుగుతుంది. బ్లేడు లోపలి అంచు మీదికి వాలిపోతుంది. ఇక తిరగడం తేలికే. కానీ అది లట్జ్ కాదు, లట్జ్ వేషం వేసుకున్న ఫ్లిప్. స్కేటింగ్ లోకం దానికి ‘ఫ్లట్జ్’ అని పేరు పెట్టింది. ఫ్లిప్ చేయబోయి బయటి అంచు మీదికి ఒరిగిపోయేవాళ్లూ ఉన్నారు. అది ‘లిప్’.

ముగ్గురి నిఘా

1962లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో కెనడా స్కేటర్ డొనాల్డ్ జాక్సన్ తొలిసారి మూడు చుట్ల లట్జ్ చేశాడు. 1988 కాల్గరీ ఒలింపిక్స్ విజేత బ్రయాన్ బొయిటానో ఇదే జంప్‌ను ఒక చెయ్యి పైకెత్తి చేసి తన ముద్ర వేశాడు. అప్పట్లో మార్కులు ఆరుకి. ఒక్కో జంప్‌కు విడిగా ధర లేదు. అంచు తప్పితే ఇంత కోత అన్న లెక్కా లేదు.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ జంటల పోటీ తీర్పు మీద పెద్ద దుమారం రేగింది. చివరికి రష్యా జంటతో పాటు కెనడా జంటకూ స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. ఆ దెబ్బతో 2004లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య పాత పద్ధతిని పక్కనపెట్టింది. ప్రతి జంప్‌కూ ఒక ధర కట్టింది. చేసింది ఏ జంప్, ఎన్ని చుట్లు అన్నది ముగ్గురు సభ్యుల సాంకేతిక బృందం రీప్లే చూసి తేలుస్తుంది. అంచుల మీద గట్టి నిఘా 2007-08 సీజన్ నుంచి మొదలైంది. ఎడ్జ్ తప్పితే ‘ఇ’ గుర్తు. అనుమానంగా ఉంటే ఆశ్చర్యార్థకం. అప్పుడు ధర తగ్గదు కానీ, నాణ్యతకు ఇచ్చే మార్కుల్లో జడ్జీలు కోత పెడతారు.

పేర్లు రెండు... జంప్ ఒకటే

ఇంత చిన్న విషయానికి అంత రాద్ధాంతం ఎందుకూ అంటే... జవాబు నాలుగు చుట్ల జంప్‌లలో, అంటే ‘క్వాడ్’లలో ఉంది. 2011లో అమెరికా కుర్రాడు బ్రాండన్ మ్రోజ్ క్వాడ్ లట్జ్‌ను, 2016లో జపాన్‌కు చెందిన షోమా ఉనో క్వాడ్ ఫ్లిప్‌ను తొలిసారి పోటీల్లో చేశారు. అప్పట్నుంచి మగవాళ్ల పోటీ క్వాడ్‌ల పందెంగా మారిపోయింది. 2025-26 సీజన్ పట్టికలో క్వాడ్ లట్జ్ ధర 11.50 పాయింట్లు. ‘ఇ’ పడితే 9.20. దానికి తోడు నాణ్యతలో మైనస్ 3 వచ్చిందా, మిగిలేది 6.44. మూడు చుట్ల మామూలు లట్జ్‌కే 5.90 వస్తుంది. అంటే నాలుగో చుట్టు పడిన పాట్లన్నీ దాదాపు మంచులో పోసిన పన్నీరే!

ఇంకో మెలిక ఉంది. 2018 నిబంధనల ప్రకారం ఫ్రీ ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క రకం క్వాడ్‌ను రెండోసారి చేయొచ్చు. అందుకే ఎన్ని రకాలు వస్తే అంత లాభం. లట్జ్ పేరుతో ఫ్లిప్పే చేసేవాడు ఒకే జంప్‌ను రెండు పేర్లతో అమ్ముకున్నట్టు. రెండూ కష్టపడి నేర్చుకున్నవాడికి అన్యాయం జరిగేది అక్కడే. క్రికెట్‌లో బౌలర్ మోచేయి 15 డిగ్రీలకు మించి సాగితే వికెట్లు ఎన్ని తీసినా ఒప్పుకోరు కదా, ఇదీ అంతే.

ఆ ఇద్దరి కథ

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం యుజురు హన్యుది, రజతం షోమా ఉనోది. ఇద్దరూ జపాన్ వాళ్లే. హన్యు 2017 అక్టోబరులో మాస్కోలో క్వాడ్ లట్జ్ చేశాడు. మరుసటి నెలలోనే ఒసాకాలో అదే జంప్ సాధన చేస్తూ పడి కుడి చీలమండ గాయంతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. అంత తెగించినవాడు కూడా పోటీల్లో క్వాడ్ ఫ్లిప్ జోలికి వెళ్లలేదు. ఉనో సరిగ్గా దీనికి ఉల్టా. క్వాడ్ ఫ్లిప్‌కు ఆద్యుడే కానీ, ప్యాంగ్‌చాంగ్‌లో అతని రెండు ప్రోగ్రామ్‌లలో ఎక్కడా లట్జ్ లేదు. అయినా 2022, 2023ల్లో ప్రపంచ విజేత అయ్యాడు. రెండు అంచుల మీదా క్వాడ్‌లు చేసి 2022 బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా స్కేటర్ నేథన్ చెన్ లాంటివాళ్లు అరుదు.

చిన్నప్పుడు పడిన అలవాటు అంత సులువుగా పోదు మరి. దిద్దుకోవాలంటే ఒక చుట్టు జంప్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మహిళల్లో మావో అసాదా ఆ పని చేసింది. 2010 వాంకోవర్‌లో రజతం గెలిచాక తన జంప్‌లన్నీ మొదట్నుంచీ నేర్చుకోవడానికి సిద్ధపడింది. ఆ ఏడాది సొంతగడ్డ మీద జరిగిన ఎన్‌హెచ్‌కే ట్రోఫీలో ఎనిమిదో స్థానానికి పడిపోయింది. పతకాలు వస్తున్న రోజుల్లో అలా వెనక్కి నడవడానికి ఎంత గుండె కావాలి!

ఈసారి టీవీలో స్కేటింగ్ వస్తే గాల్లో చుట్లు లెక్కపెట్టడం కాసేపు ఆపండి. స్కేటర్ లేవబోయే ముందు ఎడమ చీలమండ ఎటు వంగిందో చూడండి. అసలు ఆట అక్కడే ఉంది.