దాదీలు, నానీలు, తాతయ్యలు బడికి వచ్చే రోజు

కిందటి సంచికలోని నివేదికలో "మా ప్రాథమిక పాఠశాలలో పెద్దల సందర్శన దినం జరిగింది" అని ఒక్క వాక్యం వేసి ఊరుకున్నాం. అది చదివిన దాతలు కొందరు, ఆ రోజు అసలు ఏం చేస్తారు, పిల్లల చదువుకు దానివల్ల ఒరిగేదేమిటి, డబ్బు ఏ పద్దు నుంచి ఖర్చు పెడతారు అని అడిగారు. అడగవలసిన ప్రశ్నలే. ఈసారి కాస్త వివరంగా చెబుతాం. మేము చేసిన పొరపాట్లతోనే మొదలుపెడతాం.

మొదటి ఏడాది ఆవరణలో షామియానా వేశాం. వేదిక, మైకు, శాలువాలు, గంటన్నర ప్రసంగాలు. పెద్దలంతా ఎండ పొడలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని విన్నారు. పిల్లలు రెండు పాటలు పాడారు. స్వీటు పొట్లం ఇచ్చి పంపించాం. వించిపేట నుంచి వచ్చిన ఒక దాదీ వెళ్ళిపోతూ గేటు దగ్గర ఆయాను, "మా పిల్ల కూర్చునే గది ఏదమ్మా?" అని అడిగారట. మనవరాలి బడికి వచ్చి ఆ పిల్ల తరగతి గది చూడకుండానే ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఆ మాట మాకు సాయంత్రం తెలిసింది.

రెండవది ఇంకా బాధ కలిగించే పొరపాటు. గేటు దగ్గర రిజిస్టరు పెట్టి వచ్చినవారందరినీ సంతకం చేయమన్నాం. ఒక పెద్దాయన మనవడి ముందే వేలిముద్ర వేయవలసి వచ్చింది. ఆ పిల్లవాడు ఆ రోజంతా ఆయన పక్కన కూర్చోలేదు. ఆ తాతయ్య ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీల బాడీ కట్టిన మనిషి. స్కేలు పెట్టకుండా కంటితో కొలత చెప్పగలరు. ఆ విద్య మా రిజిస్టరుకు పట్టలేదు. ఇప్పుడు వచ్చినవారి పేర్లు మేమే ముందుగా రాసి ఉంచుతున్నాం.

ఈ రెండింటి తరువాత పద్ధతి మొత్తం మార్చాం. పెద్దలు ప్రేక్షకులుగా రారు. ఆ వారం తరగతిలో ఏ పాఠం నడుస్తోందో దానిలో తమకు తెలిసినది చూపించడానికి వస్తారు. ఒక్కో తరగతికి ఏడెనిమిది మంది చాలు. ఒక్కొక్కరి చుట్టూ నలుగురు పిల్లలు కూర్చుంటారు. రెండు వారాల ముందే ఉపాధ్యాయినులు ఇళ్ళకు వెళ్ళో, ఫోన్ చేసో మూడు సంగతులు తెలుసుకుంటారు: ఏ పని చేసేవారు, చేతితో ఏం చేసి చూపగలరు, ఏది ఇబ్బంది (మెట్లా, వినికిడా, షుగరా). ఇక్కడ ఒక చిన్న తమాషా జరిగింది. "మా నానా వస్తారు" అని ఒక పిల్ల చెబితే కొత్తగా చేరిన టీచరుగారు తండ్రి అనుకుని జాబితాలో అలాగే రాసుకున్నారు. ఉర్దూ ఇళ్ళలో నానా అంటే అమ్మ తండ్రి. నూర్‌బాషా ఇళ్ళలో పిల్లలు తెలుగులోనే తాతయ్య, అమ్మమ్మ అంటారు. ఇప్పుడు జాబితాలో ఏ ఇంట్లో ఏ పిలుపో అదే రాస్తున్నాం.

అన్నిటికంటే బాగా నడిచింది మూడో తరగతి లెక్కల పాఠం. ఒక నానీ ఇంట్లోని సోల, తవ్వ, మానిక తెచ్చారు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. పిల్లలు బియ్యం పోసి కొలిచి, కుంచానికి ఎన్ని సోలలో తామే లెక్క కట్టారు. పదహారు. అప్పుడు ఆవిడ, మా అమ్మ కాలంలో రూపాయికి అణాలు కూడా పదహారే అన్నారు. 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చేదాకా అదే లెక్క. సగం, పావు, అరపావు అనే మాటలు పుస్తకంలో చెబితే తలలు ఊపే పిల్లలు ఆ రోజు బియ్యం గింజలతో వాదులాడుకున్నారు. ఆ నానీకి చదవడం రాదు. తప్పు కొలిచిన పిల్లవాడి చేతిలోంచి సోల తీసుకుని, "తల కొట్టి కొలవాలి బాబూ, పోగు పెట్టి కాదు" అని ఆవిడ సరిదిద్దిన తీరు మా టీచర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఐదో తరగతిలో ధ్వని పాఠానికి దూది ఏకే విల్లు వచ్చింది. పరుపులు కుట్టే కుటుంబానికి చెందిన తాతయ్య నారిని కొయ్యతో మోగిస్తే అది వణుకుతూ మోత పుట్టించడం, ఆ వణుకుకే దూది విడిపోవడం పిల్లలు కళ్ళారా చూశారు. కంపనం అనే మాటకు టీచరు మళ్ళీ అర్థం చెప్పవలసిన పని లేకపోయింది. ఒక్క జాగ్రత్త: దూది నూగు ఉబ్బసం ఉన్న పిల్లలకు పడదు. అందుకని ఆ పని ఆవరణలో, గాలి వాలు చూసుకుని చేయించాం.

చిన్న తరగతులకు వామనగుంటలు, అచ్చనగిల్లలు చాలు. చింతపిక్కలు లెక్కపెట్టడమే ఒకటో తరగతి పాఠం.

నాలుగో తరగతిలో పెట్టిన కార్యక్రమం గురించి మాకు ముందు చాలా సందేహం ఉండేది. పాఠం ప్రకృతి వైపరీత్యాలు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన తుఫాను, ఉప్పెన చూసినప్పుడు పదేళ్ళున్నవారు ఇప్పుడు తాతలు, నానమ్మలు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు నుంచి ఆ తరువాత బెజవాడ చేరిన కుటుంబాలు మా బస్తీల్లో ఉన్నాయి. వేలమంది పోయిన ఆ రాత్రి గురించి తొమ్మిదేళ్ళ పిల్లల ముందు ఎవరినైనా అడగవచ్చునా? కమిటీలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. చివరికి, చావుల గురించి ఎవరూ అడగకూడదని నియమం పెట్టుకున్నాం. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి, ముందు ఏది చేతికి తీసుకున్నారు, ఎక్కడికి ఎక్కారు, మొదటి అన్నం ఎవరు పెట్టారు: ఈ నాలుగు ప్రశ్నలే పిల్లల కాగితం మీద ఉన్నాయి.

ఒక పెద్దాయన మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయారు. టీచరు తొందరపెట్టలేదు. గది అంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు సింగ్‌నగర్ నుంచి వచ్చే ఒక పిల్ల, "మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి తాతా. మేము డాబా ఎక్కాం. నా పుస్తకాలన్నీ పోయాయి" అంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచిన ఇళ్ళలో ఆ పిల్ల ఇల్లు ఒకటి. ఆ సమయంలోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. అయితే సింగ్‌నగర్‌లోకి వచ్చింది కృష్ణ నీరు కాదు, బుడమేరు నీరు. అక్కడి నుంచి ప్రశ్నలు అడిగింది తాతయ్యే. ఎంత లోతు, ఎన్ని రోజులు, పడవ వచ్చిందా, అన్నం పొట్లాలు ఎవరు తెచ్చారు అని. ఆ పిల్ల సుద్దముక్క తీసుకుని గోడ మీద నీటి గీత గీసి చూపించింది. తన ఎత్తుకన్నా పైకి గీసింది. తరువాత ఆయన తన గీత గీశారు. ఆ రెండు గీతలూ మేము వారం పాటు తుడవనివ్వలేదు. మర్నాడు పిల్లలు రాసిన "మా ఇంటికి నీళ్ళొస్తే" అనే వ్యాసాల్లో, ముందుగా ఏ కాగితాలు సంచిలో పెట్టుకోవాలో, ముసలివాళ్ళను ఎవరు డాబా మీదికి ఎక్కించాలో ఉంది. ఆ పాఠం నుంచి మేము కోరుకున్నదీ అదే.

ఇక చాలామంది దాతలు అడిగిన ప్రశ్న: తాతలు, నానమ్మలు లేని పిల్లల మాటేమిటి? మా బడిలో తండ్రి లేని పిల్లలు, బంధువుల ఇళ్ళలో పెరిగేవారు ఉన్నారు. "మీ తాతయ్యను తీసుకురండి" అనే కార్డు ఈ పిల్లలకు గుచ్చుకుంటుంది. అందుకే ఆ కార్డు పంపడం మానేశాం. ఆహ్వానం తరగతి పేరున వెళుతుంది. వచ్చిన పెద్దలు ఆ తరగతికి పెద్దలు. సొంత మనవడికి తోడు మరో ముగ్గురు పిల్లలు వారి చుట్టూ ఉంటారు. ఎవరి పెద్దలు రాలేదో ఎవరూ లెక్కపెట్టలేరు.

పూట కూలి పోగొట్టుకుని వచ్చేవారి సంగతీ ఉంది. మనవల్ని పెంచుతూ టిఫిన్ బండి నడిపే నానమ్మలు, వాచ్‌మన్ పని చేసే తాతయ్యలు మన బస్తీల్లో తక్కువేమీ కాదు. వారికి వీలైన గంట ఏదో అడిగి, ఆ గంటకే వారి తరగతిని సర్దుతున్నాం. రానుపోను ఆటో ఛార్జీ సంస్థే ఇస్తుంది. కవరులో పెట్టి, అందరికీ ఒకేలా ఇస్తాం, ఉన్నవారికీ లేనివారికీ. వద్దన్నవారు బడి పెట్టెలో వేసి వెళతారు.

తేదీ గురించి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ ప్రకటనతో సెప్టెంబరులో ఇలాంటి రోజు ఒకటి స్థిరపడింది. ఐక్యరాజ్యసమితి వృద్ధుల దినం అక్టోబరు 1. బెజవాడలో అక్టోబరు మొదటి రోజులు తరచూ దసరా సెలవుల్లో పడతాయి, కాబట్టి మాకు కుదరదు. మౌలానా ఆజాద్ జయంతి, జాతీయ విద్యా దినోత్సవం అయిన నవంబరు 11, బాలల దినోత్సవం నవంబరు 14. ఈ రెండూ ఉన్న వారమే మా వారం. శుక్రవారం వదిలేసి, ఉదయం పది నుంచి జుహర్ లోపు ముగిస్తాం. ఆ నెలలో ఎండా పెద్దగా ఉండదు. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం వాయిదా.

ఖర్చు విషయం స్పష్టంగా చెప్పాలి. ఈ కార్యక్రమానికి జకాత్ సొమ్ములోంచి ఒక్క పైసా వాడము. జకాత్‌కు అర్హులెవరో నిర్ణయమై ఉంది, కుర్చీలు, చాయ్, ఆటోలు ఆ పద్దులోకి రావు. ఇదంతా సాధారణ విరాళాల నుంచే. శాలువాలు, పూలదండలు, ఫ్లెక్సీలు ఆపేశాక ఖర్చు తగ్గింది కూడా. మిగిలిన డబ్బుతో వీపు ఆనించుకునే కుర్చీలు కొన్నాం. స్వీటు బదులు ఉడికించిన శనగలు, చక్కెర లేని చాయ్ పెడుతున్నాం (బందరు లడ్డు అడిగినవారు లేకపోలేదు). పెద్దల ఫోటోలు, పిల్లల ఫోటోలు వారి అనుమతి లేకుండా ఈ సంచికలో వేయడం లేదు.

ఇంకా రెండు పనులు మిగిలి ఉన్నాయి. మెట్లకు పట్టుకునే కమ్మీ లేదు. పోయినసారి మోకాళ్ళ నొప్పులున్న ఒక నానమ్మ కోసం నాలుగో తరగతిని కిందికి దించాం. కూర్చునే మరుగుదొడ్డి ఒక్కటీ లేదు. అది లేదని తెలిసి ఇంటి నుంచి నీళ్ళు తాగకుండా వచ్చినవారు ఉన్నారు. ఈ రెండూ నవంబరు లోపు పూర్తిచేయాలని కమిటీ తీర్మానించింది. అంచనా కాగితాలు కార్యాలయంలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

దాతలు ఆ రోజు రాదలిస్తే ముందుగా కబురు చేయండి. తరగతి గదిలో వెనుక బెంచీ మీద చోటు ఉంటుంది. ప్రసంగం మాత్రం ఉండదు.