చిలుకకు ఆకుకూర రుచి

మన కాలనీ క్వార్టర్ల వరండాలలో పంజరమూ, అందులో కిచకిచలాడే రంగురంగుల పక్షుల జంటా కనిపించడం పరిపాటి. ‘లవ్ బర్డ్స్’ అని మనం పిలుచుకొనే ఈ పక్షులు నిజానికి ఆస్ట్రేలియా గడ్డిమైదానాలకు చెందిన బడ్జరీగార్లు. జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వీటిని సజీవంగా ఇంగ్లండుకు కొనిపోయాడు. మన రామచిలుకను బంధించడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది; ఈ విదేశీ చిలుకకు ఆ నిషేధం వర్తించదు.

మా ఇంట మొదట పెరిగిన బడ్జీకి మేము కొర్రలు తప్ప మరేమీ పెట్టలేదు. గిన్నె నిండుగా ఉంటే చాలుననుకొన్నాము. మూడేళ్ళు తిరగకుండానే ఆ పక్షి నీరసించి, ఒక ఉదయం పంజరం అడుగున నిర్జీవంగా కనిపించింది. గింజలలో విటమిన్ ‘ఏ’, కాల్షియం స్వల్పమనీ, ఆకుకూరలు తప్పనిసరి అనీ పశువైద్యులు వివరించినప్పుడు మాకు కలిగిన పశ్చాత్తాపం వర్ణనాతీతం.

రెండవ పక్షి వచ్చిన నాడే కొత్తిమీర పెట్టాము. అది కన్నెత్తి చూడలేదు. ఆకలైతే అదే తింటుందని తలచి, నాలుగవనాడు గింజల గిన్నె తీసివేశాము. మధ్యాహ్నానికి ఈకలు ఉబ్బించుకొని ఒక మూల ముడుచుకొని కూర్చుంది. వెంటనే గిన్నె తిరిగి పెట్టాము. ముప్ఫై, నలభై గ్రాముల బరువుండే ప్రాణికి ఒక్కరోజు పస్తు కూడా ప్రమాదకరమే. మొండితనాన్ని ఆకలితో జయించాలనుకోవడం మా అవివేకం.

అటుపిమ్మట మార్గం మార్చాము. తడి ఆకులను కూర్చునే కర్రకు చేరువగా పంజరం ఊచలకు గుచ్చాము. వాటిపై నాలుగు గింజలు చల్లాము. మొలకెత్తిన కొర్రలను అలవాటు చేశాము. బడ్జీ గుంపుగా బ్రతికే పక్షి. తోటివారు తినేది చూసి తానూ తింటుంది. అందుచేత మా చిన్నమ్మాయి రోజూ ఉదయం పంజరం ముందు కూర్చొని, కొత్తిమీర రెమ్మను కరకర నమిలి చూపేది. తోటకూర పప్పును కంచం అంచుకు నెట్టివేసే పిల్ల ఆమె! పంతొమ్మిదవనాడు చిలుక ఆ రెమ్మను ముక్కుతో లాగింది. ఒక ముక్క మింగింది. ఆనాడు ఇంట్లో పండుగే.

పక్షులను పెంచే సోదర ఉద్యోగులకు, గృహిణులకు కొన్ని సూచనలు. కొత్తిమీర, మెంతికూర, మునగాకు శ్రేష్ఠం. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటబట్టనివ్వదు గనుక దానిని మితంగా పెట్టాలి. అవొకాడో పండు విషతుల్యం. ఆకులను బాగా కడగాలి. వాడిన వాటిని రెండు మూడు గంటలలో తీసివేయాలి. గింజల గిన్నెను రోజూ ఊది చూడండి. నిండుగా కనిపించేది ఒక్కొక్కప్పుడు పొట్టు మాత్రమే. పక్షి నీరసిస్తే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించండి.

నేడు మా చిలుక ఉదయం కొత్తిమీర కోసం తానే కేకలు వేస్తుంది. అమ్మాయి మాత్రం తోటకూర పప్పుకు ఇంకా పూర్తిగా లొంగలేదు. ఆ విషయంలోనూ పస్తు మార్గం అవలంబించరాదని మేము నిశ్చయించుకొన్నాము.